వృత్తి చికిత్సలో విద్యార్థి పరిశోధన

అశ్వారావుపేటనుండి సత్తుపల్లివైపు పోయినను, జంగారెడ్డిగూడెమువైపు పోయినను రోడ్డునకు ఇరుప్రక్కల పామాయిల్ తోటలు కనిపించును. 2016 అక్టోబరువరకు ఖమ్మం జిల్లాలోను, అటుతరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరిన ఈ ప్రాంతము ఒకవంక అడవికి, మరియొకవంక ఆంధ్రప్రదేశ్ సరిహద్దునకు ఆనుకొనియున్నది. చెట్టునకు చెట్టునకు తొమ్మిది మీటర్ల ఎడముంచి ముక్కోణపు వరుసలో నాటుటచేత ఎకరమునకు సుమారు 57 చెట్లు పట్టును. నాటిన మూడు నాలుగేండ్లకు గెలలు కోతకు వచ్చును. చెట్టు పొట్టిగా నున్నంతకాలము కఱ్ఱకు తొడిగిన వెడల్పాటి ఉలితో పొడిచి గెలను దింపుదురు. చెట్టు ఎత్తు పెరిగినకొలది ఉలి పనికిరాదు. పొడవాటి గొట్టము చివర కొడవలి బిగించి, క్రిందనుండి లాగి కోయవలెను. పది పదిహేను రోజులకొకమారు ప్రతి తోటకును కోత వచ్చును. గెల ఒక్కొక్కటి పది కిలోలు మొదలు ఇరువది కిలోలకు పైబడి తూగును. కోసిన గెలలను ఆలస్యము లేక ఫ్యాక్టరీకి చేర్చకున్నచో నూనెలో ఆమ్లము పెరిగి నాణ్యము పడిపోవును. అందుచేత కోత పని తీరికగా చేయు పని కాదు.

కోతమనిషి తలను వెనుకకు వంచి, ఆకుల సందున గెల కాడను వెదకి, రెండు చేతులను తలకంటె ఎత్తున ఉంచి కొడవలిని లాగును. మట్టలపై ముండ్లుండును. పైనుండి పొట్టు, దుమ్ము కంటిలో పడుచుండును. గెల నేలపై పడిన తరువాత దానిని వంగి ఎత్తి బండికి చేర్చవలెను; రాలిన పండ్లను కూర్చుండి ఏరవలెను. ఈ ఏరు పని చాలచోట్ల స్త్రీలదే. కూలి టన్నుకు ఇంతయని ముఠా మొత్తమునకు ముట్టును. కనుక ఒకడు అరగంట ఆగినచో నష్టము అతనికే కాదు, ముఠాకంతకును తగులును.

ఇట్టి తోటల ప్రాంతమునుండి వెల్లూరునకో, కటకము దగ్గరి ఓలత్‌పూరునకో, ముంబైకో పోయి వృత్తి చికిత్స చదువుచున్న విద్యార్థిని ఒకామె ఉన్నదనుకొందము. రాత్రివేళ చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కి, తెల్లవారి లేచి చేయి విదలించుకొను కోతమనుషులను ఆమె చిన్ననాటనుండి చూచియున్నది. పట్టము పొందుటకు చివరి సంవత్సరమున ఒక పరిశోధనా వ్యాసము వ్రాయవలెను. ఆ చేతుల సంగతియే వ్యాసవిషయముగా గైకొనిన నేమి యని ఆమెకు తోచినది. ఈ విద్యార్థిని ఊహించిన వ్యక్తియే గాని, ఆమె యెదుట నున్న తోటలు, కొలమానములు, నియమములు, చిక్కులు అన్నియు నిజమైనవే. తోచిన సంగతి వ్యాసమగుటకు ఏయే మెట్లెక్కవలెనో తెలిసికొనుటకు ఆమె వెంట నడచుట మేలు.

ముందుగా వృత్తి చికిత్స యన నేమో చెప్పవలెను. ఇందలి ‘వృత్తి’ యను మాట కొంత మోసపుచ్చును. జీతమునకో కూలికో చేయు పని యని మాత్రమే ఇచట అర్థము కాదు. స్నానము చేయుట, చీర కట్టుకొనుట, అన్నము కలుపుకొని తినుట, పసిబిడ్డను ఎత్తుకొనుట, బడికి పోవుట, ఆడుకొనుట — మనిషి తన దినమును నింపుకొను ప్రతి పనియు ఇందు చేరును. పక్షవాతముచేతనో, గాయముచేతనో, పుట్టుకతో వచ్చిన లోపముచేతనో, మనోవ్యాధిచేతనో ఆ పనులు చేయలేనివారికి, చేయగల మార్గమును చూపుట ఈ శాస్త్రము పని. అవయవమును బాగుచేయుట సాధ్యమైనచో బాగుచేయును. కానిచో పనిముట్టును మార్చును. అదియు చాలనిచో ఇంటి గడపను, మెట్టును, పని వరుసను మార్చును.

అమెరికాలో 1917 మార్చిలో న్యూయార్కు రాష్ట్రమునందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను ఊరిలో కొద్దిమంది కూడి దీనికొక సంఘమును స్థాపించిరి. వారిలో జార్జి బార్టన్ అను ఆయన భవనశిల్పి. తానే ఎడమ ప్రక్క పడిపోయి, తోటపని, వడ్రంగముల సాయముతో కోలుకొన్నవాడు. మన దేశమునకు ఈ విద్యను తెచ్చిన ఖ్యాతి కమలా నింబ్‌కర్‌ది. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి ఈ దేశమునే స్వదేశము చేసికొనినది. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె ప్రారంభించిన పాఠశాల మన దేశమున మొదటిది. 1952లో అఖిల భారత సంఘము ఏర్పడినది. ఆ యేటనే పుట్టిన ప్రపంచ సమాఖ్యకు భారతదేశము స్థాపక సభ్యురాలు. విద్యార్థి రోగులతో కనీసము 1,000 గంటలు పనిచేసియుండవలెనని ఆ సమాఖ్య నియమము. 2021లో పార్లమెంటు చేసిన చట్టముతో ఈ వృత్తి కూడ అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను క్రిందికి వచ్చినది.

రోగులకు చికిత్స చేయవలసిన విద్యార్థికి ఈ పరిశోధనా వ్యాసము ఎందుకని అడుగవచ్చును. ఏ చికిత్స పనిచేయునో, ఏది పనిచేయదో అచ్చుపడిన పరిశోధనలను చూచి నిర్ణయించుకొనవలసిన బాధ్యత రేపు ఆమెదే. కూర వండనివాడు ఉప్పు తక్కువని చెప్పగలడు గాని, ఎందువలన తక్కువైనదో చెప్పలేడు. ఒక్కమారు తాను స్వయముగా లెక్కించి, తప్పులు చేసి, దిద్దుకొన్నవారికే ఇతరుల లెక్కలలోని లొసుగులు కనిపించును.

ఆమె మొదట గైడు వద్దకు తీసికొనిపోయిన విషయము ‘పామాయిల్ కార్మికుల ఆరోగ్య సమస్యలు’. ఏ గైడైనను దీనిని త్రిప్పి పంపును. అది విషయమే గాని ప్రశ్న కాదు. ఏ కార్మికులు? కోయువారా, మోయువారా, ఏరువారా? ఏ సమస్య? ఎంత కాలములో? ఏ కొలతతో? పట్టపు విద్యార్థి చేతిలో ఉండు కాలము కొన్ని నెలలు. డబ్బు తన డబ్బే. కనుక ప్రశ్నను చెక్కి చెక్కి చిన్నది చేయవలెను. చివరకు మిగిలినది ఇది: అశ్వారావుపేట మండలములో కనీసము ఒక సంవత్సరము గెలలు కోసినవారిలో, గడచిన పన్నెండు నెలలలో మెడ, భుజము, మణికట్టు, నడుము భాగములయందు బాధ ఎందరికి కలిగినది? దానివలన వారు ఏ పనిని మానుకొనవలసివచ్చినది? మొదటి సగము వైద్యుడు కూడ అడుగగలడు. రెండవ సగమే వృత్తి చికిత్సకు సొంతమైనది.

ప్రశ్న కుదిరిన పిదప గ్రంథపరిశీలనము. మలేషియాలో తోటలు విస్తారము గనుక అచటి పరిశోధకులు కోతమనుషుల నడుము, మెడ, భుజముల బాధలను గూర్చి ప్రచురించియున్నారు. అచట మోటారుతో నడచు కోతకత్తి కూడ తయారైనది. ఆ వ్యాసములను చదివి, అచటి చెట్ల ఎత్తు, కోత పద్ధతి, కూలి పద్ధతి ఇచటివానితో ఎంతవరకు సరిపోవునో చూడవలెను. విద్యార్థులు చాలమంది ఈ అధ్యాయమును ‘ఫలానావారు ఇట్లనిరి, ఫలానావారు అట్లనిరి’ అని దండ గ్రుచ్చి వదలుదురు. ఒకరి ఫలితము మరియొకరి ఫలితముతో ఎచట విభేదించినదో, ఎందుకు విభేదించినదో వ్రాసిననే అది పరిశీలనము.

ఇక కొలమానము. 1987లో క్యూరింకా మొదలగు ఉత్తర ఐరోపా పరిశోధకులు ప్రకటించిన నార్డిక్ ప్రశ్నావళి ఇట్టి పనికి ప్రసిద్ధము. శరీరమును మెడనుండి పాదములవరకు తొమ్మిది భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునందు పన్నెండు నెలలలో బాధ కలిగినదా, దానివలన మామూలు పని ఆగినదా, గడచిన ఏడు రోజులలో బాధ ఉన్నదా అని అడుగును. చూచుటకు ఇంతకంటె సులభమైనది లేదు. దానిని తెలుగు చేయబోయినప్పుడు గాని అసలు చిక్కు తెలియదు.

ఆంగ్లములో భుజమునకు, మోచేతికి, మణికట్టునకు వేరువేరు పేర్లు వాడుకలో నున్నవి. తెలుగు పల్లెలలో ‘చెయ్యి నొప్పి’ యన్నచో భుజమునుండి గోటివరకు ఎచటనైనను కావచ్చును. ‘రెక్కలు పీకుచున్నవి’ అన్నవాడు భుజములను చెప్పుచున్నాడా, చేతులు మొత్తమునా? ‘కాలు’ తొడనుండి పాదమువరకు వ్యాపించును. ‘నడుము’ అనిన మాట వెన్ను క్రిందిభాగమునకును, దట్టీ కట్టు చోటునకును కూడ చెల్లును. బాధకు మాత్రము మన భాష పేదది కాదు. పోటు వేరు, సలుపు వేరు, పీకుట వేరు, లాగుట వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు, మొద్దుబారుట వేరు. ఈ భేదములు ఊరక వచ్చినవి కావు. మణికట్టువద్ద మధ్యనాడి నొక్కుకొన్నవానికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలు సాధారణముగా తప్పించుకొనును. ‘తిమ్మిరి’ యను మాటను ‘నొప్పి’లో కలిపివేసిన అనువాదము ఈ వ్యాధి జాడనే చెరిపివేయును.

ఆ కారణముచేత అనువాదమునకు ఒక పద్ధతి ఏర్పడినది. రెండు భాషలు తెలిసినవారు ఇద్దరు విడివిడిగా తెలుగు చేయుదురు. రెండింటిని కలిపి ఒకటి చేయుదురు. మూలమును చూడని మరియొకరు దానిని తిరిగి ఆంగ్లమునకు మార్తురు. మూలముతో సరిపోలని చోట అనువాదము దిద్దబడును. పిమ్మట కొద్దిమంది కోతమనుషులకు చదివి వినిపించి, ‘మీకు ఏమి అర్థమైనది?’ అని అడుగుదురు. శరీరపు బొమ్మ గీచి, భాగములను చూపి, వ్రేలుపెట్టి చూపుమనుట ఇచట వేయి మాటలకు సమానము. కోయ ఇంటిభాషగా గలవారికి తెలుగు ప్రశ్న ఎంతవరకు అందునో వేరుగా చూడవలెను. సంతలో తెలుగు మాటలాడగలిగినవారెల్లరు తమ ఒంటి బాధను తెలుగులో విడమరచి చెప్పగలరనుకొనుట తప్పు.

పరాయి కొలమానములలో అలవాట్లు కూడ దాగియుండును. రోగి తనపని తాను ఎంత చేసికొనగలడో కొలుచు బార్తెల్ సూచిక 1965నాటిది. అందు భోజనమును గూర్చి చెప్పుచోట కోయుట, వెన్న పూయుట ప్రస్తావింపబడినవి. 1969లో వెలువడిన జెబ్సన్ చేతి పరీక్షలో చెంచాతో చిక్కుడు గింజలనెత్తు పనియున్నది. పప్పన్నము కలిపి ముద్దచేసి నోటికందించుకొను చేయి చెంచా పరీక్షలో తప్పినంతమాత్రాన పనికిరాని చేయి యగునా? అట్లే, చెంచా పట్టగలిగిన చేయి ముద్ద కలుపగలదని నమ్మవచ్చునా? నేలపై బాసిపట్టు వేసి కూర్చుండుట, గొంతుకూర్చుండుట మన ఇండ్లలో దినమునకు పలుమారులు చేయు పనులు. విదేశపు పట్టికలలో అవి కానరావు. 1991లో కెనడాలో వెలువడిన వృత్తి నిర్వహణ కొలమానము ఈ లోపమును తెలివిగా తప్పించుకొన్నది. పనుల పట్టికను ముందుగా ఇయ్యదు. ‘నీకు ముఖ్యమై, ఇప్పుడు చేయలేకున్న పనులేవి?’ అని ఆ మనిషినే అడిగి, చేయు తీరునకు ఒకటినుండి పదివరకు, దానిపై తృప్తికి ఒకటినుండి పదివరకు అంకెలు వేయుమనును. కోతమనిషి చెప్పునది కొడవలి లాగుట కావచ్చును. రాత్రి మేలుకొనకుండ నిద్రపోవుట కావచ్చును. కూతురి జడ వేయుట కావచ్చును.

పట్టు బలమును కొలుచు జమార్ యంత్రమునకు కూడ నియమములున్నవి. కూర్చుండి, భుజమును ప్రక్కకు ఆనించి, మోచేతిని లంబకోణమున వంచి, మూడుమారులు పిండించి సగటు తీయవలెను. ఒకనిని నిలువబెట్టి, మరియొకనిని కూర్చుండబెట్టి కొలిచిన అంకెలను పోల్చిన పోలిక పనికిరాదు. తోటకు పోవునప్పుడు ఒక కుర్చీని వెంట తీసికొనిపోవుట ఇట్టి చదువులోని చిన్న కష్టములలో ఒకటి.

ఎందరిని చూడవలెను? విద్యార్థులు తరచు ముప్పదియనియో, నూరనియో అందమైన సంఖ్యను ఎన్నుకొందురు. దీనికొక లెక్కయున్నది. కోతమనుషులలో సగముమందికి బాధయుండునని అంచనా వేసికొని, దొరకబోవు నూటి వంతు అసలు సంగతికి పది అటు పది ఇటులోపల ఉండవలెనని, అట్లుండునని నూటికి 95 పాళ్ళు నమ్మకము కావలెనని కోరినచో: 1.96 వర్గమును 0.25చేత గుణించి, 0.01చేత భాగింపగా 96.04 వచ్చును. అనగా 97 మంది చాలును. తప్పును పదినుండి ఐదుకు తగ్గింపవలెనన్నచో సగము మంది ఎక్కువ చాలరు. నాలుగు రెట్లు, 385 మంది కావలెను. నిశితత్వము ఇంత ఖరీదైన సరకు. పట్టపు విద్యార్థి 97తో తృప్తిపడి, తన జవాబులో పదేసి తప్పున్నదని ఒప్పుకొనుట మర్యాద.

మందిని ఎట్లు ఎన్నుకొనవలెననునది మరింత ముఖ్యము. రోడ్డుప్రక్క తోటలో కనిపించినవారిని పట్టుకొని అడిగినచో సులువే. కాని నేడు తోటలో కోయుచున్నవాడు ఎవడు? కోయగలుగుచున్నవాడు. చేయి పడిపోయినవాడు, నడుము విరిగినవాడు రెండేండ్ల క్రిందటనే కొడవలి దింపి, మేకలు కాచుటకో ఇంటివద్ద కూర్చుండుటకో పోయియుండును. తోటలోనివారినే లెక్కించినచో పని మనుషులకు హాని చేయలేదని తేలవచ్చును. ఆ హాని తగిలినవారు లెక్కలోనికే రాలేదు గదా! దీనిని శాస్త్రజ్ఞులు ఆరోగ్యకార్మిక దోషమందురు. తప్పించుటకు మార్గము ముఠా మేస్త్రీల నోటిలోనే యున్నది. ఐదేండ్ల క్రిందట తమ ముఠాలో నున్నవారి పేర్లు వారు చెప్పగలరు. ఆ పేర్లను పట్టుకొని, మానినవారి ఇండ్లకును పోయి అడుగవలెను. శ్రమ రెట్టింపగును. అయినను ఈ ఒక్క పని చేసిన వ్యాసమునకును, చేయని వ్యాసమునకును హస్తిమశకాంతరము.

ఇంతవరకు కాగితముమీది పని. ఒక్క మనిషిని ప్రశ్నించుటకు ముందే ఈ పథకము కళాశాల నైతిక సంఘము ఎదుటకు పోవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమావళి దీనికి ఆధారము. సంఘపు అనుమతికి ముందు సేకరించిన జవాబులు ఎంత మంచివైనను వ్యాసమున చేర్పరాదు. విద్యార్థులకు ఇది వట్టి ఆలస్యముగా తోచును. అశ్వారావుపేట ప్రాంతమునుండి వచ్చినవారికి మాత్రము అట్లు తోచరాదు. కారణము దూరమున లేదు.

2009లో పాత్ అను అంతర్జాతీయ సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వముల సహకారముతో గర్భాశయముఖ కాన్సరును నివారించు టీకాను పది పదునాలుగేండ్ల బాలికలకు వేయు పథకమును నాటి ఖమ్మం జిల్లాలో ఆరంభించినది. భద్రాచలము, కొత్తగూడెము మండలములు అందున్నవి. పిల్లలలో పెక్కుమంది గిరిజనులు. వసతి గృహములలో ఉండి చదువుచున్నవారు. కొందరు బాలికలు మరణించిరను వార్తలపై 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము పథకమును నిలిపివేసినది. విచారణలో ఆ మరణములకు టీకా కారణమని తేలలేదు. టీకా మంచిదా కాదా యనునది ఇచట ప్రశ్న కాదు. ఆ టీకా అనేక దేశములలో వాడుకలో నున్నది. తేలిన సంగతి వేరు: అనేక సమ్మతి పత్రములమీద తలిదండ్రులకు మారుగా వసతి గృహముల వార్డెనులు సంతకములు చేసియుండిరి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా విమర్శించినది. బిడ్డకు ఏమి జరుగుచున్నదో తెలియని తల్లికి, తరువాత ఎన్ని శాస్త్రప్రమాణములు చూపినను నమ్మకము కుదురదు.

ప్రశ్నలడిగి పట్టు బలము కొలుచు వ్యాసమున ప్రాణభయమేమియు లేదు. అయినను సమ్మతి పత్రమును ‘ఇచట సంతకము చేయి’ అని చాచుట తగదు. చదువరానివానికి పత్రమును అతనికి తెలిసిన భాషలో చదివి వినిపింపవలెను. వ్రేలిముద్ర వేయునప్పుడు పరిశోధనతో సంబంధము లేని సాక్షి ఉండి సంతకము చేయవలెను. ఆ సాక్షి మేస్త్రీ కారాదు. మేస్త్రీ ఎదుట ‘నాకు చేయి మొద్దుబారుచున్నది’ అని ఒప్పుకొన్నవానికి రేపటి కోతలో చోటు దొరకకపోవచ్చును. ఇది పుస్తకములలో ఉండు ఊహాభయము కాదు. కూలిమనిషికి ఇదియే అసలు ప్రమాదము. కనుక ప్రశ్నించునది తోటలో కాక ఇంటివద్ద, పని ముగిసిన పిదప. పేర్లకు మారు అంకెలు. పేర్ల పట్టిక వేరొక చోట, తాళములో. సమయము నష్టపోయినందుకు తగిన పరిహార మియ్యవచ్చును; కాని దానికొరకే ఒప్పుకొనునంత పెద్ద మొత్తము ఇయ్యరాదు. మధ్యలో ‘ఇక చాలు’ అని లేచిపోవు హక్కు ఎల్లప్పుడు అతనిదే.

మరియొక కర్తవ్యము కూడ కలదు. ప్రశ్నించుచుండగా ఒకని బొటనవ్రేలి మొదటి కండ కరిగి పల్లమైనట్లు కనిపించినదనుకొందము. అది నాడి నొక్కుడు ముదిరిన గుర్తు. విద్యార్థిని తన పట్టికలో ‘కలదు’ అని గీత పెట్టి తరువాతి ఇంటికి పోరాదు. అతనిని ఆసుపత్రికి పంపు ఏర్పాటు ముందే పథకమున వ్రాసియుండవలెను. కొత్తగూడెమున ప్రభుత్వ వైద్య కళాశాల 2022నుండి యున్నది. పోవలసిన చోటు, కలిసికొనవలసిన విభాగము ముందుగా విచారించి, కాగితముపై వ్రాసి చేతికియ్యవలెను.

క్షేత్రములో కాలము విద్యార్థిని చేతిలో ఉండదు. వానకాలమున గెలలు హెచ్చు. అప్పుడు కోతమనుషులకు నిలుచుటకు తీరికయుండదు. వేసవిలో కోత తగ్గును గాని, ఏప్రిల్, మే నెలలలో అడవి అంచు పల్లెలవారు తునికాకు కోతకు పోవుదురు. ఏబది ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టు పని రాత్రివరకు సాగును. అది కూడ వ్రేళ్ళకు, మణికట్టునకు పనియే గనుక, బాధ పామాయిల్‌వలన వచ్చినదా, ఆకు కట్టలవలన వచ్చినదా యను చిక్కు పుట్టును. ప్రశ్నావళిలో ‘సంవత్సరమంతయు ఏయే నెలలలో ఏయే పని చేయుదురు?’ అను ప్రశ్న లేకున్నచో ఈ చిక్కు విడదు. పదిమందితో ముందుగా మచ్చు పరిశీలన జరుపుట ఇందుకే. మచ్చులో బయటపడిన తప్పు దిద్దుకొనవచ్చును; ఎనుబదవ ఇంటిలో బయటపడినది దిద్దరాదు.

తరువాత లెక్కలు. ఇచట విద్యార్థులు గణాంకశాస్త్రజ్ఞుని తలుపు తట్టి, ‘ఏదో ఒకటి తేల్చి పెట్టుడు’ అందురు. తేల్చుట అంత సులభము కాదు. ఊహకు కొన్ని అంకెలు తీసికొందము. గొట్టపు కొడవలితో కోయువారు 60 మందిలో 36 మందికి, అనగా నూటికి 60 మందికి మెడనొప్పి యున్నదనుకొందము. ఉలితో కోయు 40 మందిలో 16 మందికి, అనగా నూటికి 40 మందికి ఉన్నదనుకొందము. కై-వర్గ పరీక్ష చేసినచో విలువ 3.846 వచ్చును. భేదము యాదృచ్ఛికము కాదని చెప్పుటకు వాడుకలో నున్న హద్దు 3.841. హద్దు దాటినది, విద్యార్థిని సంతసించును. కాని ఆ ముప్పదియారుగురిలో ఒక్కడు ‘నొప్పి లేదు’ అని యుండినచో విలువ 3.228కి పడిపోయి, భేదము తేలలేదని వ్రాయవలసివచ్చును! ఒక్క మనిషి మాటపై నిలిచిన తీర్పు ఎంత గట్టిది? అందుచేత ‘హద్దు దాటినది’ అని మాత్రమే వ్రాయక, రెండు గుంపుల భేదము నూటికి 20 అనియు, అది అరనుండి నలువదివరకు ఎచటనైనను ఉండవచ్చుననియు వ్రాయుట నిజాయితీ. ఇట్టి భేదమును పట్టుకొనవలెనన్నచో నిజమునకు ఒక్కొక్క గుంపులోనే తొంబది మందికి పైగా కావలసియుండెను. పైగా ఎత్తైన చెట్లను కోయువారు వయసున పెద్దవారై, ఏండ్ల తరబడి కోసినవారై యుండవచ్చును. మెడనొప్పి కొడవలిదా, వయసుదా? వయసులవారీగా విడదీసి చూడనిదే చెప్పరాదు.

భేదమేమియు తేలకున్నచో వ్యాసము చెడినదని విద్యార్థులకు భయము. గైడులలో కూడ కొందరికి ఈ భయము లేకపోలేదు. అంకెలను అటునిటు కదిపి, అడుగని ప్రశ్నను అడిగినట్లు వ్రాసి, ఏదో ఒక ‘ఫలితము’ను పుట్టించు శోధనము ఇచటనే కలుగును. పట్టపు వ్యాసమును పరీక్షించువారు చూచునది ఫలితపు గొప్పతనమును కాదు. ప్రశ్ననుండి జవాబువరకు నడచిన దారి సరిగానున్నదా లేదా యని. ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ‘తేలలేదు’ తరువాతివానికి ఒక దారిని మూసి మేలు చేయును. కల్పించిన ‘తేలినది’ రేపు ఎవరి చేతికో పనికిరాని పట్టీని తొడిగించును.

వ్రాత సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. పద్ధతి అధ్యాయమును పని ఆరంభించిన నాడే వ్రాయవలెను. ముగింపు నాటికి కుర్చీ ఎత్తెంతయో జ్ఞప్తికుండదు. ఇతరుల వాక్యములను ఎత్తి వ్రాసినచో ఇప్పుడు యంత్రములే పట్టుకొనును. పరిమితుల అధ్యాయమున పరీక్షకుడు వెదకు దోషములను తానే ముందుగా చెప్పుకొనుట మేలు: పన్నెండు నెలల బాధ జ్ఞాపకముపై ఆధారపడినదనియు, ఒక్క మండలమునకే పరిమితమనియు, ఒక్కమారే అడిగినందున కారణమును నిరూపింపజాలదనియు.

మౌఖిక పరీక్షలో బయటినుండి వచ్చిన పరీక్షకుడు అడుగు ప్రశ్నలు పెక్కింటికి పుస్తకములో జవాబుండదు. ‘నలుగురు నిరాకరించినారని వ్రాసితివి. ఎందుకు నిరాకరించిరి?’ అని అడిగినప్పుడు, ఆ నలుగురి గుమ్మమువద్ద తానే నిలిచినదైనచో విద్యార్థిని చెప్పగలదు. మరియొకరిచేత పత్రములు నింపించినదైనచో తల వంచును. ‘నీ వ్యాసమువలన కోతమనిషికి ఏమి మారును?’ అనునది ఇంచుమించు తప్పని ప్రశ్న. దానికి గొట్టపు పట్టుచోట మెత్తని చుట్టు, గంటకొకమారు కోతమనిషియు మోతమనిషియు పని మార్చుకొనుట, రాత్రివేళ మణికట్టును నిటారుగా నుంచు పట్టీ — ఇవి తరువాత పరీక్షింపదగిన సంగతులని చెప్పవచ్చునే గాని, ఇవి పనిచేయునని చెప్పరాదు. ఆ వ్యాసము వాటిని పరీక్షింపలేదు.

వ్యాసపు ప్రతులు విభాగమునకు, గ్రంథాలయమునకు, గైడునకు పోవును. ఇంకొకటి మిగులును. జవాబు చెప్పిన 97 మందికి ఏమి తేలినదో ఒక పుటలో, పెద్ద అక్షరములతో, శరీరపు బొమ్మతో తెలుగులో వ్రాసి ఊరికి పంపుట పట్టమునకు అవసరమైన పని కాదు. దానికి మార్కులు లేవు. సమ్మతి పత్రమున ‘ఫలితము మీకు తెలియజేయుదుము’ అని వ్రాసి చదివి వినిపించినది మాత్రము ఆమెయే. వానలు పట్టి కోతలు ముమ్మరము కాకమునుపే ఆ పుటను తీసికొని ఆమె మరల అశ్వారావుపేట బస్సెక్కవలెను.